స్లీప్ ఆప్నియాకు సీప్యాప్ మేలా, నోటి పరికరం మేలా?

నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోయే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాకు ఏ పరికరం మంచిదన్న ప్రశ్నకు చాలామంది ఒక్క అంకెలోనే జవాబు వెతుకుతారు. అది ఏహెచ్‌ఐ, అంటే గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగిందో లేదా బాగా తగ్గిందో తెలిపే లెక్క. పెద్దవారిలో అది 5 దాటితే స్వల్పం, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఆ అంకెను దించడంలో సీప్యాప్‌కు సాటి లేదు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం పరిచయం చేసిన ఈ యంత్రం మాస్క్ గుండా గాలిని ఒత్తిడితో పంపి, గాలి దారిని లోపలి నుంచే తెరిచి ఉంచుతుంది. ఇబ్బందంతా మాస్క్‌తోనే. గాలి కళ్లలోకి కొడుతోందని పట్టీలు బిగిస్తే అంచు మెత్త ముడతపడి లీకు ఇంకా పెరుగుతుంది. పడుకుని, యంత్రం నడుస్తుండగానే మాస్క్‌ను కాస్త ముందుకు లాగి, మెత్త ఉబ్బిన తరువాత తిరిగి ముఖానికి ఆననిస్తే, పట్టీలు కొంత వదులుగా ఉన్నా చాలాసార్లు సరిపోతుంది. కూర్చుని సరిచూసుకున్న మాస్క్ పడుకోగానే లీకు కావడంలో వింతేమీ లేదు, ముఖ కండరాల తీరే మారిపోతుంది.

కింది దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం ఏహెచ్‌ఐని అంతగా దించలేదు, కానీ చాలామంది దానిని ఎక్కువ గంటలు వాడతారు. ఈ తేడా చిన్నది కాదు. ఉదాహరణకు, ఏహెచ్‌ఐ 30 ఉన్న వ్యక్తికి సీప్యాప్ దానిని 3కు దించినా, ఎనిమిది గంటల నిద్రలో నాలుగు గంటలే పెట్టుకుంటే రాత్రి సగటు 16.5 అవుతుంది, 12కు మాత్రమే దించే నోటి పరికరాన్ని ఏడు గంటలు ఉంచుకుంటే సగటు 14 చిల్లరే. 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో సీప్యాప్ వాడకం సగటున రాత్రికి 3.3 గంటలే ఉంది. పగటి మగత తగ్గినా, గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గినట్టు తేలలేదు.

అయినా ఏహెచ్‌ఐ తీవ్రంగా ఉండి రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేవారు ముందుగా సీప్యాప్‌నే పట్టుదలగా ప్రయత్నించాలని నా అభిప్రాయం. స్వల్ప, మధ్యస్థ స్థాయిల్లో మాస్క్‌తో నిద్ర పట్టనివారికి నోటి పరికరం రాజీ కాదు, సరైన ఎంపికే. అయితే దానికి పట్టు దొరికేన్ని గట్టి పళ్లు ఉండాలి; ఏళ్ల తరబడి వాడితే పళ్లు కదిలి, పై కింది పళ్లు కలిసే తీరు మారవచ్చు.

రెండూ కుదరనివారికి శస్త్రచికిత్సతో అమర్చే నాలుక నరం ఉత్తేజక పరికరం ఉంది. 2014లో ప్రచురితమైన అధ్యయనంలో అది ఏడాదికి ఏహెచ్‌ఐ మధ్యగతాన్ని 29.3 నుంచి 9కి దించింది, కానీ గొంతు అన్ని వైపుల నుంచీ ముడుచుకుపోయేవారికి అది తగదు. వెల్లకిలా పడుకున్నప్పుడే శ్వాస ఆగేవారికి పక్కకు తిప్పి ఉంచే పట్టీ కూడా పనికిరావచ్చు.

నోటి పరికరం ఎంచుకున్నవారు దానిని సర్దుకున్నాక, దానితోనే మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకోవాలి. గురక ఆగిందని పక్కన పడుకున్నవారు ఎంత సంతోషించినా, శ్వాస ఆగడం నిశ్శబ్దంగా కొనసాగుతూ ఉండవచ్చు.