కళింగపట్నం తీరంలో చిన్న తెరచాప పడవ: కొన్నేళ్లు వాడాక

పడవ కొందామనుకునే ప్రతివాళ్లూ ముందు స్పీడెంత అనే అడుగుతున్నారు. మన శ్రీకాకుళం తీరానికి అది రెండో ప్రశ్న. ఒడ్డున విరిగే కెరటాలు దాటుతుందా, ఇసుక మీద కూర్చుంటే అడుగు నిలుస్తుందా అన్నది మొదటిది.

మాది ఇంజిన్ లేని 14 అడుగుల ఫైబర్ పడవ. అందులో నాకు బాగా నచ్చింది పైకి లాగేసుకునే అడుగు పలక. దించితే గాలికి పడవ పక్కకు జారదు, ఎత్తేస్తే మోకాలి లోతు నీళ్లు చాలు. వంశధార మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటలు చోటు మారుస్తూనే ఉంటాయి, నిరుటి దారి ఈ ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా వలలు. ఖాళీ సీసాలు, థర్మాకోల్ ముక్కలు వరసగా తేలుతున్నాయంటే కింద వల ఉన్నట్టే. చుట్టూ తిరిగి పోవడమే మర్యాద. తప్పనప్పుడు పలక, చుక్కాని రెండూ ఎత్తేసి, ఉన్న ఊపుతోనే పై నుంచి దాటించాలి.

జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. అది పక్క నుంచి తగులుతుంటే బందరువానిపేట వైపు హాయిగా సాగిపోవచ్చు. పొద్దెక్కేసరికి గాలి పడిపోతుంది. తెరచాప వేలాడుతుంది, ఎండ నెత్తి మీదే. తెడ్డు వేద్దామంటే ఈ వెడల్పు పడవ కదలదు. తెచ్చుకున్న చద్దన్నం తినేసి టోపీ మొహాన వేసుకోవడమే! నేల బాగా వేడెక్కాక దక్షిణపు గాలి లేస్తుంది, లైట్‌హౌస్ గుర్తు పెట్టుకుని వెనక్కి వచ్చేయొచ్చు. గాలి వెనక నుంచి ఉన్నప్పుడు మాత్రం చుక్కాని కాస్త తప్పినా చాప కింది అల్యూమినియం గొట్టం ఒక్క ఊపులో అటు నుంచి ఇటు వచ్చేస్తుంది. తల వంచాల్సిందే.

అసలు టెన్షన్ ఒడ్డెక్కేటప్పుడు. పేటలోని తాత ఒకాయన నేర్పిందే ఇప్పటికీ పాటిస్తున్నా: "మాస్టారూ, పెద్ద కెరటాలు పోనివ్వండి. చిన్నది రాగానే దాని వెనకే వచ్చీయండి."

లోపాలకొస్తే, చాప గుడ్డ గట్టిదే, ముందు పోయింది దాని కుట్లే. ఎండకు దారం పొడి పొడిగా రాలింది. కప్పీలు ఉప్పుకు బిగుసుకుపోతాయి, దిగగానే మంచినీళ్లతో కడగకపోతే మర్నాడు తాడు కదలదు. చుక్కాని పిన్ను వంగితే అమ్మినవాళ్లు సైజు తప్పిన పిన్ను పంపారు, శ్రీకాకుళంలో లేతు షాపువాడే చేసిపెట్టాడు. ఫైబర్ పగుళ్లకు మాత్రం బెంగ లేదు. పేటల నిండా ఫైబర్ తెప్పలే కదా, రెజిన్ పూసి అతికే చేతులు ఎక్కడైనా దొరుకుతాయి.

బయల్దేరే ముందు రాత్రి సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల అలల హెచ్చరిక చూసుకోండి. దసరాకు ముందే మేం తెరచాప స్తంభం విప్పేసి, పడవ బోర్లించి కొబ్బరి చెట్లకు కట్టేస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లాలో ఎందుకని ఎవరూ అడగరు. ఇద్దరికైతే ఇది చక్కటి పడవ. పిల్లాపాపలతో తిరగాలనుకుంటే మాత్రం ఇంజిన్ ఉన్నదే చూసుకోండి.