జర్మన్ పూర్వీకుడి పుట్టుక వెతకాలంటే ఏది మేలు: ఓడ జాబితాలా, చర్చి రిజిస్టర్లా?

అమెరికా జనాభా లెక్కల్లో వలస వచ్చిన జర్మన్ పుట్టిన చోటు దగ్గర మామూలుగా “ప్రష్యా” అనో “బవేరియా” అనో ఉంటుంది. అది ఊరి పేరు కాదు, రాజ్యం పేరు. జర్మనీ అంతటా ప్రభుత్వ జనన నమోదు మొదలైంది 1876 జనవరి 1న. ప్రష్యాలో మాత్రం 1874 అక్టోబరు నుంచే ఉంది. రైన్ నదికి పడమటి గట్టున ఫ్రెంచి ఏలుబడి వల్ల అది 18వ శతాబ్దం చివర్లోనే వచ్చింది. మిగతా చాలాచోట్ల అంతకుముందు పుట్టినవాళ్ళ వివరం ఉండేది చర్చి పుస్తకంలోనే, ఆ పుస్తకం ఏ విచారణకు (ఒక చర్చి కింది ఊళ్ళ పరిధి, అంటే పారిష్) ఆ విచారణదే. ఊరి పేరు చేతిలో లేకుండా జర్మనీ వైపు ఏ వెబ్‌సైటు తెరిచినా గడ్డివాములో సూది వెతికినట్టే. అందుకే ముందు తేల్చుకోవలసింది ఊరి పేరు ఎక్కడ దొరుకుతుందన్నది.

చాలామంది మొదట ఓడ జాబితాలు పడతారు. హాంబర్గ్ రేవువి 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి, ప్రయాణికుడు చివరగా కాపురమున్న ఊరు వాటిలో కనిపిస్తుంది. కానీ అది పుట్టిన ఊరే అయివుండాలని లేదు. పాలేరుగానో, చేతిపని నేర్చుకోవడానికో పక్క జిల్లాకు వెళ్ళి, అక్కణ్ణుంచే ఓడెక్కినవాళ్ళు ఎందరో. బ్రెమెన్ రేవు నుంచి వెళ్ళినవాళ్ళ సంగతి ఇంకా కష్టం. అక్కడి పాత జాబితాలను దాచే చోటు లేక అధికారులే తీసేశారు, తర్వాతివి చాలావరకు రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. పౌరసత్వ కాగితాల్లో కూడా 1906 సెప్టెంబరుకు ముందు మామూలుగా దేశమో రాజ్యమో తప్ప ఊరు ఉండదు.

మా ఓటు అమెరికాలో అతను చేరిన జర్మన్ చర్చి సంఘపు రిజిస్టరుకే. రాసే పాస్టరూ జర్మనే, రాసేదీ జర్మన్ భాషలోనే. ఆ పల్లె పేరు చెవిన పడితే తప్పు లేకుండా రాయగలిగినవాడు అతనొక్కడే. కౌంటీ ఆఫీసు గుమాస్తా అదే పేరును ఇంగ్లీషు చెవితో విని వికృతం చేస్తాడు. లూథరన్ సంఘాల రిజిస్టర్లు ఆన్సెస్ట్రీ అనే వంశావళి వెబ్‌సైటులో చాలా ఉన్నాయి. పెళ్ళి నమోదు, పిల్లల బాప్తిస్మాలు, భూస్థాపన, మూడూ చూడండి. పుట్టిన ఊరితో పాటు వయసు రోజులతో సహా దొరికే అవకాశం భూస్థాపన నమోదులోనే ఎక్కువ.

ఆ వయసును వెనక్కి లెక్కగట్టాలి. 1881 మార్చి 9న చనిపోయాడు, వయసు 63 ఏళ్ళ 4 నెలల 12 రోజులు అని ఉందనుకోండి. ఏళ్ళు తీసేస్తే 1818 మార్చి 9, నెలలు తీసేస్తే 1817 నవంబరు 9, రోజులు తీసేస్తే 1817 అక్టోబరు 28. పాస్టరు లెక్కలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతాయి, నెల కూడా తప్పొచ్చు. కాబట్టి జర్మనీ పుస్తకంలో కనీసం ఏడాది ముందు నుంచి ఏడాది తర్వాత దాకా పేజీలు తిప్పాలి.

అతని నమోదులో ఊరు లేకపోతే అక్కడితో ఆగిపోవద్దు. అతని అన్నదమ్ములవి, అక్కచెల్లెళ్ళవి, పిల్లల బాప్తిస్మంలో జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడ్డవాళ్ళవి వెతకండి. ఒక ఊరివాళ్ళు ఒకరి వెంట ఒకరు వచ్చి ఒకే సంఘంలో చేరడం మామూలు.

ఊరి పేరు దొరికాక అది ఏ విచారణ కిందిదో చూడాలి. చిన్న పల్లెకు సొంత చర్చి ఉండకపోవచ్చు. 1912–13 నాటి మేయర్స్ గెజిటీర్ (జర్మన్ ఊళ్ళ పేర్ల నిఘంటువు) ఆన్‌లైన్‌లో ఉచితం. దగ్గర్లోని చర్చిలు ఏవో, అవి ప్రొటెస్టెంటువో కాథలిక్కువో అందులో తెలుస్తుంది. నాటి రాజ్యం, నేటి రాష్ట్రం రెండూ రాసుకోండి. గుంటూరు లూథరన్లకు తెలిసిన మిషనరీ హేయర్ 1793లో హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, కుర్రవాడిగా అమెరికా వెళ్ళి, 1842లో గుంటూరు చేరాడు. హెల్మ్‌స్టెట్ ఇప్పుడు లోయర్ సాక్సనీలో ఉంది, అప్పట్లో బ్రౌన్‌ష్వైగ్ సంస్థానంలోది. నేటి రాష్ట్రం పేరు చూసి, దాని రాజధాని హానోవర్ పేరున్న చర్చి సంఘపు పుస్తకాల్లో దిగితే రోజులు వృథా అవుతాయి.

ఇక జర్మనీ వైపు చర్చి పుస్తకాలు చూపే వెబ్‌సైట్లు ముఖ్యంగా మూడు.

ప్రొటెస్టెంటు అయితే ఆర్కియోన్. ఇది డబ్బు కట్టి చూసేది, నెల నుంచి ఏడాది దాకా పాసులుంటాయి. ఏ విచారణకు ఏ ఏళ్ళ పుస్తకాలు ఉన్నాయన్న పట్టిక మాత్రం ఉచితంగా కనిపిస్తుంది. మీ ఊరి బాప్తిస్మ పుస్తకం ఉందని రూఢి చేసుకున్నాకే పాసు కొనండి. కాథలిక్ అయితే మాట్రిక్యులా. ఇది పూర్తిగా ఉచితం. పాస్సౌ, మ్యూన్‌స్టర్, పాడర్‌బోర్న్, హిల్డెస్‌హైమ్ మేత్రాసనాల (ఒక్కో బిషప్పు కింది ప్రాంతాల) పుస్తకాలు ఇందులో ఉన్నాయి. రెండింటిలోనూ పేరు కొట్టి వెతకడం మామూలుగా కుదరదు, పేజీ పేజీ తిప్పాల్సిందే. మూడోది ఫ్యామిలీసెర్చ్, అందులో పేరుతో వెతకొచ్చు కానీ పుస్తకాల ఫిల్ములు చాలా దాని కేంద్రంలోనో అనుబంధ లైబ్రరీలోనో కూర్చుని చూస్తేనే తెరుచుకుంటాయి. ఇండెక్సును (పుస్తకం చూసి ఎవరో తయారుచేసిన పేర్ల పట్టికను) నమ్మి ఆగడం అసలు తప్పు. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ‘ఈ’ (e) అక్షరం ‘ఎన్’ (n)లా ఉంటుంది, ఇండెక్సు రాసినవాళ్ళు తడబడేది అక్కడే. ఇండెక్సు దారి చూపిస్తుంది, సాక్ష్యం అసలు పేజీదే.

జర్మనీ నైరుతిలోని బాడెన్ వాళ్ళకు అదృష్టం: 1810–1870 నాటి చర్చి పుస్తకాల నకళ్ళు రాష్ట్ర అభిలేఖాగారం వెబ్‌సైటులో ఉచితం. పక్కనే ఉన్న వ్యూర్టెమ్‌బెర్గ్ ప్రొటెస్టెంట్లకు ఇంకా మేలు. 1808 నుంచి అక్కడ కుటుంబ రిజిస్టర్లున్నాయి. ఒక్క పేజీలో తల్లిదండ్రులు, పిల్లలందరి పుట్టుక, కన్ఫర్మేషన్ (కాస్త పెద్దయ్యాక సంఘం ముందు విశ్వాసం ఒప్పుకోవడం), పెళ్ళి, మరణం, కొందరి పక్కన “అమెరికా” అన్న మాట. మాకైతే ఇంతకన్నా ముచ్చటైన పేజీ లేదు. అయినా అది వేరే పుస్తకాల నుంచి ఎత్తి రాసిందే కాబట్టి తేదీని బాప్తిస్మ పుస్తకంతో సరిచూడాలి.

చర్చికి నేరుగా ఉత్తరం రాయడం చివరి దారి. ఊరు, పేరు, ఏళ్ళ పరిధి జర్మన్‌లో నాలుగు వాక్యాల్లో రాసి, వెతికినందుకు రుసుము కడతామని చెప్పండి. పాత పుస్తకాలు చాలాచోట్ల ప్రాంతీయ చర్చి అభిలేఖాగారానికి చేరిపోయాయి, ఉత్తరం అక్కడికే రాయడం మంచిది.

పేజీ తెరిచాక మోసపోయే చోట్లు కొన్ని. నెలల పొట్టి రాతల్లో 7బర్ అంటే జూలై కాదు, సెప్టెంబరు. 8బర్ అక్టోబరు, 9బర్ నవంబరు, ఎక్స్‌బర్ డిసెంబరు. అన్నదమ్ములందరికీ మొదటి పేరు యోహాన్ అయివుండొచ్చు, ఇంట్లో పిలిచేది రెండో పేరుతో. అమెరికాలో హెన్రీ అయినవాడు ఇక్కడ యోహాన్ హైన్రిచ్. స్త్రీ ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరుతుంది: మ్యూలర్ కూతురు మ్యూలరిన్. వెస్ట్‌ఫాలియాలో ఇల్లరికం వెళ్ళిన అల్లుడు అత్తవారి పొలం పేరునే ఇంటిపేరు చేసుకునేవాడు, కాబట్టి తండ్రీ కొడుకుల ఇంటిపేర్లు వేరైనా కంగారు పడొద్దు.

పేరూ తేదీ కలిశాయని సంబరపడేముందు అదే విచారణ మరణాల పుస్తకం తర్వాతి పదిహేనేళ్ళ పాటు చూడండి. పసిబిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టేవాళ్ళు. 1817లో పుట్టినవాడు రెండేళ్ళకే పోయి, 1820లో అదే పేరుతో పుట్టిన తమ్ముడు ఓడెక్కి ఉండొచ్చు. కొన్ని పుస్తకాల్లో పోయిన బిడ్డ పేరు పక్కన చిన్న సిలువ గుర్తు ఉంటుంది, అది లేదంటే బతికాడని అర్థం కాదు. పద్నాలుగేళ్ళ ప్రాంతంలో కన్ఫర్మేషన్ జాబితాలో పేరు కనిపిస్తే ధైర్యంగా ముందుకు వెళ్ళొచ్చు. దొరికిన నమోదును విచారణ, పుస్తకం, ఏడాది, వరస సంఖ్యతో రాసి పెట్టుకోండి. వెబ్‌సైటులో బొమ్మ నంబరు మారొచ్చు, పుస్తకంలో వరస సంఖ్య మారదు.