తిరుపతి సైటుకు పెద్ద టవర్ క్రేన్: ఫ్లాట్ టాపా, లఫింగా?

బ్రోషర్‌లో టన్నుల అంకె చూసి మురిసిపోకండి. అది మాస్ట్ (క్రేన్ నిలువు స్తంభం) దగ్గరి లెక్క. జిబ్ (బరువులెత్తే పొడవాటి చెయ్యి) కొసకు వెళ్లేసరికి అందులో కొంతే మిగులుతుంది. అన్నిటికన్నా బరువైన ముక్క ఎంత దూరంలో దిగాలో తేల్చుకున్నాకే ఈ పోలిక. ఫ్లాట్ టాప్‌లో జిబ్ ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది, లఫింగ్‌లో దాన్ని పైకి లేపొచ్చు, దించొచ్చు.

అద్దె: ఫ్లాట్ టాప్‌కు తక్కువ, లఫింగ్‌కు ఎక్కువ.

బిగింపు: ఫ్లాట్ టాప్‌కు పైన టవర్ హెడ్ (మాస్ట్ మీది కొమ్ము), దాన్నుంచి జిబ్‌ను పట్టి ఉంచే టై రాడ్లు ఉండవు కాబట్టి త్వరగా అవుతుంది. లఫింగ్‌కు జిబ్ లేపే వించీ, దాని రోపుల తనిఖీ అదనం.

చోటు: అసలు తేడా ఇక్కడే. పని ఆపాక ఏ క్రేన్‌నైనా గాలివాటుకు తిరగనివ్వాలి, బిగించి ఉంచితే ప్రమాదం. నవంబరు, డిసెంబరు వాయుగుండాల్లో ఇది మరీ ముఖ్యం. ఫ్లాట్ టాప్ అయితే జిబ్ మొత్తం పక్కవాళ్ల మిద్దెల మీదుగా తిరుగుతుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇరుకు వీధుల్లో దానికి ఒప్పుకునేదెవరు? లఫింగ్ జిబ్‌ను తయారీదారు చెప్పిన కోణానికి లేపి వదిలితే వలయం చిన్నదవుతుంది.

ఎత్తు: లేచిన జిబ్ కొస చాలా పైకి పోతుంది. రేణిగుంట విమానాశ్రయం వైపు సైటైతే అనుమతికి ఆ కొస ఎత్తే చూపాలి.

ఊరి బయట విశాలమైన స్థలం, పక్కపక్కనే రెండు మూడు క్రేన్లు ఉంటే ఫ్లాట్ టాపే. పాత ఊళ్లో ఎత్తైన కట్టడానికి లఫింగ్. నాలుగంతస్తుల లాడ్జికైతే రెండూ దండగ, మొబైల్ క్రేన్ పిలిపించుకోండి.