ట్రెజరీ సాఫ్ట్‌వేర్‌లోకి లీజు షెడ్యూళ్లు: చాన్నాళ్లు వాడాక తేలిన సంగతులు

కంపెనీ నగదు రాకపోకల్ని చూసుకోడానికి మేం వాడే ట్రెజరీ సాఫ్ట్‌వేర్‌లో లీజు చెల్లింపుల్ని ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలు నుంచి నేరుగా ఎక్కించుకోవచ్చు. ఆఫీసులు, గోడౌన్లు, షోరూములు కలిపి పదుల సంఖ్యలో లీజులున్న కంపెనీకి ఇది నిజంగా పనికొచ్చే సదుపాయం. వేల వరుసలైనా నిమిషాల్లో లోపలికి వెళ్తాయి. చిక్కంతా ఏ ఫైలు ఎక్కిస్తున్నామన్న దగ్గరే.

చాలాచోట్ల అకౌంట్స్ వాళ్లు లీజుల అకౌంటింగ్ ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 116 కోసం చేసిన షెడ్యూలునే తెచ్చి ఎక్కించేస్తారు. అందులో వడ్డీ, అసలు, మిగిలిన బాధ్యత ఉంటాయి; బ్యాంకులోంచి ఏ రోజు ఎంత పోతుందో ఉండదు. నెలకు 1,00,000 అద్దె ఉన్న ఆఫీసునే తీసుకోండి. 18 శాతం జీఎస్టీతో బిల్లు 1,18,000. జీఎస్టీని బిల్లులో విడిగా చూపితే టీడీఎస్ అద్దె మీదే కోయాలి కాబట్టి, 10 శాతం కింద 10,000 పోగా ఓనరుకు పంపేది 1,08,000. కోసిన 10,000 మరుసటి నెల 7లోపు కట్టాలి, మార్చిదైతే ఏప్రిల్ 30లోపు. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదనుకోండి, 2024 అక్టోబరు 10 నుంచి లెక్క మారింది: ఓనరుకు 90,000 పంపి, ఆ 18,000 జీఎస్టీని రివర్స్ చార్జి (ఓనరు బదులు అద్దెకున్నవాళ్లే కట్టే పద్ధతి) కింద మనమే, అదీ జీఎస్టీ క్రెడిట్‌తో సర్దకుండా నగదుగానే ప్రభుత్వానికి కట్టాలి. అందుకే ఫైలులో ఒక్కో చెల్లింపుకు ఒక్కో వరుస పెట్టండి: ఓనరుకు ఒకటి, టీడీఎస్‌కు ఒకటి, అవసరమైతే రివర్స్ చార్జికి మరొకటి.

తేదీల గొడవ అంతకన్నా ప్రమాదం. మన ఫైళ్లలో రోజు ముందు, నెల తర్వాత. దిగుమతి టెంప్లేటు నెల ముందున్న అమెరికా పద్ధతిలో ఉంటే 05/04/2025 మే 4 అయిపోతుంది. 12వ తేదీ దాటినవైతే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. అద్దెలు ఎక్కువగా 5వ తేదీలోపే కదా, అన్నీ నోరెత్తకుండా లోపలికి పోతాయి. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా తొమ్మిది నెలల అద్దె మే 4 నుంచి 12 మధ్య వరసగా పడుతుంది. 2025-04-05 రూపంలో ఇస్తే ఈ బెడద లేదు. ఎక్కించాక వరుసల సంఖ్య చూసి ఊరుకోకుండా నెలవారీ మొత్తాలు సరిచూడండి. సంఖ్య ఎప్పుడూ సరిపోతుంది, తప్పు నెలల్లోనే బయటపడుతుంది.

ఇక ఖాతా నంబర్లు. ఎక్సెల్ ముందున్న సున్నాలు తీసేస్తుంది, 15 అంకెలు దాటితే ఆపైవాటిని సున్నా చేస్తుంది. ఆ కాలమ్‌ను నంబర్లు వేయకముందే టెక్స్ట్‌గా మార్చాలి. సీఎస్‌వీలో కాలమ్‌లను విడదీసేది కామానే కాబట్టి మొత్తాలకు కామాలు వద్దు. 1,08,000 మూడు కాలమ్‌లుగా చీలిపోతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌తో నా అసలు ఫిర్యాదు మళ్లీ ఎక్కించేటప్పుడు. అద్దె పెరిగినా, లీజు పొడిగించినా కొత్త షెడ్యూలు ఇవ్వాలి. ‘రీప్లేస్’ నొక్కితే బ్యాంకు స్టేట్‌మెంటుతో జతపడిన పాత వరుసలూ చెరిగిపోయి రీకన్సిలియేషన్ మొత్తం విడిపోతుంది. ‘యాడ్’ నొక్కితే ఒకే అద్దె రెండుసార్లు కనిపిస్తుంది. దీనికి మందు ప్రతి వరుసకూ మారని గుర్తింపు: లీజు నంబరు, వాయిదా నంబరు, చెల్లింపు రకం కలిపి ఒక కోడ్. తేదీనీ మొత్తాన్నీ అందులో కలపొద్దు, మారేవే అవి. ఆ కోడ్‌తో ‘అప్‌డేట్’ ఎంచుకుని, మార్పు అమలయ్యే తేదీ తర్వాతి వరుసలే పంపండి.

లోపలి పనులు చేయించుకోడానికి ఇచ్చే, అద్దె లేని ఫిట్-అవుట్ నెలలకు సున్నా వరుసలు పెట్టకండి, మా దాంట్లో అవి తిరస్కరణకు గురవుతాయి. లీజు ముగిశాక తిరిగొచ్చే డిపాజిట్‌కు మాత్రం రాబడిగా ఒక వరుస తప్పకుండా వేయండి. అకౌంటింగ్ షెడ్యూలులో అది ఉండదు కాబట్టి దాదాపు అందరూ మరిచిపోతారు. మూడు నాలుగు లీజులే ఉన్న సంస్థ అయితే ఈ దిగుమతి జోలికి పోనక్కర్లేదు, రికరింగ్ పేమెంటుగా చేత్తో పెట్టుకుంటే చాలు.