కాయిల్ మీద కాదు, దాని క్లిప్పు మీదే నా కోపం

మా పాత పెట్రోల్ కారుకు రెండో సిలిండర్ ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే కరెంటునిచ్చే ఇగ్నిషన్ కాయిల్‌ను ఇంట్లోనే మార్చి రెండున్నరేళ్లయింది. పదో నంబర్ స్పానర్, ఒక్క బోల్టు, అంతే. బెంగళూరు జేసీ రోడ్డులో కంపెనీది కాని కాయిల్ సగం ధరకే దొరికింది. "అరగంట పని, మెకానిక్ దండగ" అని ఆఫీసులో కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఆ అరగంటలో ఇరవై నిమిషాలు సాకెట్ క్లిప్పుతోనే సరిపోయిందని మాత్రం చెప్పలేదు.

వైరు సాకెట్ ఊడిపోకుండా పట్టుకునే చిన్న ప్లాస్టిక్ నాలుక అది. పదేళ్లు ఇంజిన్ వేడికి ఎండి అప్పడంలా తయారైంది. నొక్కగానే టిక్కుమంది. ఊడిందనుకున్నాను, విరిగింది. సాకెట్ బిగుతుగానే కూర్చుంది, ఇంజిన్‌లో వణుకు పోయింది, నేనూ మర్చిపోయాను.

మరుసటి సంక్రాంతికి అనంతపురం బయల్దేరాం. బాగేపల్లి టోల్ దాటాక ఇంజిన్ వణికింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఊరుకోలేదు, ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటోంది. అలా కొట్టుకుంటుంటే బండి నడపకూడదు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, దాని ధర ముందు కాయిల్ ఎంత! పక్కకు ఆపి ఫోన్ స్కానర్ పెడితే పీ0302 అనే లోపం కోడ్ వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా మండటం లేదు.

"చవకది వద్దంటే విన్నారా?" అంది మా ఆవిడ. నా అనుమానమూ అదే. ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్‌ను మూడో దాంట్లో, మూడోదాన్ని రెండో దాంట్లో పెట్టి, కోడ్ చెరిపేసి మెల్లగా కదిలాం. కాయిలే పోయుంటే ఈసారి 0303 రావాలి. నాలుగు కిలోమీటర్లకు మళ్లీ 0302 వచ్చింది. బానెట్ ఎత్తి రెండో సాకెట్‌ను వేలితో నొక్కితే ఇంకాస్త లోపలికి దిగింది. క్లిప్పు లేక కుదుపులకు వెనక్కి జరుగుతోందన్నమాట.

దగ్గర్లోని పంక్చర్ షాపతను పాత ట్యూబు ముక్క సన్నగా కోసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. దాంతో కట్టేస్తే అనంతపురం వెళ్లి బెంగళూరు తిరిగొచ్చేదాకా కిక్కురుమనలేదు. తర్వాత ఎలక్ట్రీషియన్‌తో కొత్త సాకెట్ వేయించాను. కాయిల్ కొన్నరోజే ఆ పని చేసుంటే పోయేది.

కాయిల్ ఇప్పటికీ పనిచేస్తోంది. కాకపోతే మొన్న ప్లగ్గులు మార్చేటప్పుడు చూస్తే ప్లగ్గు మీద తొడుగులా కూర్చునే దాని రబ్బరు బూటు గట్టిపడి అంచున పగిలింది. పక్కనున్న కంపెనీ కాయిల్‌కు కారంత వయసు, దాని బూటు ఇంకా మెత్తగానే ఉంది. సగం ధర గురించి ఇప్పుడు ఆఫీసులో పెద్దగా మాట్లాడటం లేదు.

నేను ఆఫీసుకు మెట్రోలో పోతాను, కారు శని ఆదివారాలకే బయటికొస్తుంది, కాబట్టి నాకు ఇది నడిచిపోతోంది. రోజూ కారులో తిరిగేవాళ్లకు ఇదే కొనమని చెప్పలేను. మీరే మార్చుకునేటట్లయితే ఆ క్లిప్పును ఇంజిన్ చల్లారాక, సన్న స్క్రూడ్రైవర్‌తో, చంటిబిడ్డను లేపినట్టు ఎత్తండి. ట్యూబు ముక్క మాత్రం ఇంకా మా డాష్‌బోర్డు అరలోనే ఉంది, పారేయడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.