పాత బోటుకి మెరుపు తెప్పించడం, నిలబెట్టుకోవడం: మెగ్వయర్స్ 67, కొలినైట్ 885 చాలా సీజన్లు వాడాక

ముందే చెప్పేస్తా. బోటుకి మెరుపు తెచ్చేది కాంపౌండ్ (పాడైన పై పొరని అరగదీసే క్రీమ్ లాంటిది), వ్యాక్స్ పని ఆ వచ్చిన మెరుపుని కాపాడడం వరకే. ఈ ముక్క పట్టించుకోకుండా చాలామంది ఖరీదైన వ్యాక్స్ డబ్బా కొని నేరుగా పాత బోటు మీద పూసేస్తారు, పూసిన రోజు బానే నిగనిగలాడుద్ది, కొన్ని వారాలు ఎండలో తిరిగాక మళ్ళీ అదే బూడిద రంగు, అప్పుడు వ్యాక్స్ మంచిది కాదని ఇంకోటి కొంటారు. నేను వాడేవి మూడు. మెగ్వయర్స్ మెరైన్ లైన్‌లో 67 నంబరు కాంపౌండ్, అదే లైన్‌లో 45 నంబరు పాలిష్, వీటి మీద కొలినైట్ 885 పేస్ట్ వ్యాక్స్. మధ్యలో వేరేవి కూడా ట్రై చేశా, మళ్ళీ తిరిగి వీటి దగ్గరకే వచ్చా.

మా బోటు 18 అడుగుల బౌరైడర్ (ముందువైపు కూడా సీట్లుండే రకం), సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, పైన తెలుపు, పక్కలు నేవీ బ్లూ. మేముండేది జార్జియాలో కమ్మింగ్, మన తెలుగువాళ్ళు బాగా ఎక్కువున్న ఊరు, లేనియర్ లేక్ పక్కనే, కాబట్టి ఎండాకాలం వీకెండ్లు నీళ్ళ మీదే గడిచిపోతాయి. మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వేలో బోటు పెట్టనివ్వరు, అందుకని స్టోరేజ్ యార్డ్‌లో ట్రెయిలర్ మీద ఉంచుతాం, అక్కడ కరెంటు పాయింట్ లేదు, పాలిష్ చేయాలంటే చిన్న జనరేటర్ మోసుకెళ్ళాల్సిందే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే బోటు ఎండలో ఉంటదా నీడలో ఉంటదా, మంచినీళ్ళా ఉప్పునీళ్ళా అన్నదాన్ని బట్టి ఫలితం చాలా మారిపోద్ది. నాది మంచినీళ్ళలో తిరిగి ట్రెయిలర్ ఎక్కే బోటు, ఆ లెక్కన చదువుకోండి.

ఫైబర్‌గ్లాస్ బోటు మీద ఉండేది పెయింట్ అనుకుంటారు గానీ చాలావాటికి అది జెల్‌కోట్. రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్ అన్నమాట, బోటు చేసేటప్పుడు అచ్చులో మొదట దీన్నే స్ప్రే చేసి దాని మీద ఫైబర్ పొరలు వేసుకుంటూ పోతారు. మందం దాదాపు 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కారు రంగు మీద ఉండే పారదర్శక పొర, అదే క్లియర్‌కోట్, 0.05 దగ్గర ఉంటది, అంటే జెల్‌కోట్ దానికి పదింతలు, కాబట్టి అరగదీయడానికి చోటుంది. కానీ పని మాత్రం మొండిగా ఉంటది, కారుకి వాడే మెత్తటి ఫోమ్ ప్యాడ్ పెట్టి గంటలు గంటలు తిప్పినా బాగా పాడైన జెల్‌కోట్ లొంగదు. ఎండలోని యూవీ తగిలీ తగిలీ పై రెజిన్ పాడైపోయి కంటికి కనపడనంత సన్న గుంటలు పడతాయి, వాటి మీద వెలుగు చెదిరిపోయి రంగు పాలిపోయినట్టు కనిపిస్తది, దీన్నే ఆక్సిడేషన్ అంటారు. వేలితో గట్టిగా రుద్ది చూడండి, ముగ్గుపిండి అంటినట్టు అంటితే అదే. మా దానికైతే నీలం కలిసిన తెల్ల పొడి వచ్చేది. నీళ్ళు కొట్టగానే రంగు లేచొచ్చి ఆరగానే మాయమైపోతోందంటే కంగారు పడక్కర్లేదు, కింద రంగు బానే ఉంది, పైన పాడైన పొర తీసేస్తే చాలు. (మా ఉప్పాడ వైపు వేటకెళ్ళే ఫైబర్ బోట్లకీ ఎండ దెబ్బ ఇలాగే ఉంటది, కాకపోతే రోజూ ఇసుక మీదకి లాగే బోటుకి మెరుపు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటది.)

కింద అసలు రంగు ఎలా ఉందో నాకు తెలిసింది రిజిస్ట్రేషన్ నంబర్ స్టిక్కర్లు మార్చేటప్పుడు. పాతవి ఎండకి పెచ్చులు పెచ్చులుగా చిట్లిపోయాయి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో నెమ్మదిగా లేపితే జీఏ (జార్జియా గుర్తు) అనే రెండు అక్షరాల కింద చిక్కటి నీలం, కొత్త బోటుకి ఉండే నీలం, అక్షరం అంచు దాటగానే పాలిపోయిన రంగు. అంటే ఆ కాస్త స్టిక్కరు ఇన్నేళ్ళూ ఎండని ఆపింది. అదే నాకు కొలత అయ్యింది, చుట్టూ ఉన్న రంగు ఆ అక్షరాల రంగుకి దగ్గరయ్యేదాకా ఆపకూడదని. మీరు కూడా స్టిక్కరు కిందో, క్లీట్ (తాడు కట్టే కొక్కెం) కిందో, రబ్ రెయిల్ (బోటు చుట్టూ దెబ్బ తగలకుండా ఉండే పట్టీ) అంచునో ఒకసారి చూస్కోండి, ఎంత దూరం వెళ్ళాలో తెలుస్తది.

పాత ఓనరు బ్రష్‌తో పూసే అక్రిలిక్ కోటింగ్ ఏదో వేయించాడు. ఆ రకం కోటింగులు మొదట్లో అద్దంలా మెరుస్తాయి, నిజమే, కానీ మాకొచ్చేసరికి పసుపు తిరిగి వెనకవైపు పొరలు పొరలుగా లేచిపోతోంది. దాని మీద కాంపౌండ్ వేస్తే ప్యాడ్‌కి జిగురులా పట్టేస్తది తప్ప కింద జెల్‌కోట్ దాకా పోదు, ముందు స్ట్రిప్పర్‌తో (కోటింగ్‌ని ఊడదీసే మందు) మొత్తం తీసేయాలి. సెకండ్ హ్యాండ్ బోటు కొనేవాళ్ళు ఈ సంగతి తప్పకుండా అడగండి.

ఇక అసలు పని. రోటరీ పాలిషర్, ఉన్ని ప్యాడ్, స్పీడు 1200 ఆర్‌పీఎమ్ దగ్గర మొదలుపెట్టి 1500 దాటనివ్వను. రెండడుగులకి రెండడుగుల ముక్క తీసుకుని 67 కాంపౌండ్ నాలుగైదు చుక్కలు పెట్టి, మెషీన్ ఆన్ చేయకుండానే ప్యాడ్‌తో అంతా పులిమి, అప్పుడు స్టార్ట్ చేయాలి, లేదంటే మొత్తం మీ చొక్కా మీదకే వస్తది. అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, నెమ్మదిగా, ప్యాడ్ ఒకేచోట ఆగకూడదు, ఎండిపోతున్నట్టుంటే స్ప్రే బాటిల్‌తో కాస్త నీళ్ళు. అంచులు, మూలలు, వంపు తిరిగే చోట్ల జెల్‌కోట్ పల్చగా ఉంటది, అక్కడ ముందే మాస్కింగ్ టేప్ వేసి ఆ కాస్తా చేత్తో చేసుకోవడం మంచిది. ప్యాడ్ నీలంగా మారిపోద్ది, అది పాడైన పొర వస్తోందని గుర్తు, ప్రతి రెండు మూడు ముక్కలకి ఒకసారి ప్యాడ్‌ని బ్రష్‌తో దులపకపోతే పాత చెత్తనే మళ్ళీ రుద్దినట్టవుద్ది. చేయి పెట్టి చూస్తే బోటు చల్లగా ఉండాలి, ఎండలో కాలుతున్న నేవీ బ్లూ మీద ఏది పూసినా క్షణాల్లో ఎండిపోయి పట్టేస్తది, మేం పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపేస్తాం. ముక్కుకి మాస్క్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

మెరుపు వచ్చిందా లేదా అని కంటితో అంచనా వేస్తే మోసం, కాంపౌండ్‌లో ఉండే నూనెలు గుంటల్ని కప్పేసి వచ్చినట్టే చూపిస్తాయి. అందుకని ప్రతి ముక్కా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో తుడిచి, అప్పుడు టేపు కొలతబద్ద బోటుకి నిటారుగా ఆనించి పెట్టి, బోటులో కనిపించే దాని ప్రతిబింబంలో ఎన్నో అంకె దాకా చదవగలుగుతున్నామో చూడాలి. మొదట మా దాంట్లో అసలు టేపే కనపడలేదు. ఒక పాస్ (కాంపౌండ్‌తో ఒక విడత) అయ్యాక 3, 4 అంగుళాల దాకా అంకెలు మసకమసగ్గా వచ్చాయి, రెండో పాస్ తర్వాత మా బావమరిది టేపు పట్టుకుని కూర్చుని "బావా, పన్నెండు చదువుతున్నా, ఇంకా పైకి కూడా కనిపిస్తోంది" అని అరిచాడు, అప్పుడు నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను, చేతులు వణుకుతున్నా ఇంకో ముక్క చేయాలనిపించింది. రెండు పాసులకీ రాని చోటు బోటు ముక్కు (ముందుభాగం) దగ్గర కాస్త ఉంటే అక్కడ మాత్రం 1000, 1500, 2000 గ్రిట్ పేపర్లతో వరసగా నీళ్ళు పెట్టి సాండ్ చేసి మళ్ళీ కాంపౌండ్ వేశాం. బోటంతా సాండింగ్ చేయాలని మాత్రం తొందరపడొద్దు, పోయిన జెల్‌కోట్ తిరిగి రాదు.

45 పాలిష్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఫోమ్ ప్యాడ్‌తో ఒక రౌండ్, ఉన్ని ప్యాడ్ వదిలిన సుడిగీతలు పోతాయి. తెల్ల బోటుకి ఈ స్టెప్ మానేసినా ఎవరికీ తెలీదు, ముదురు రంగుకి మాత్రం మానొద్దు, సాయంత్రం ఎండ పక్కనుంచి పడితే ప్రతి గీతా లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు వ్యాక్స్. కొలినైట్ న్యూయార్క్ రాష్ట్రంలో యుటికా ఊరి కంపెనీ, 1936 నుంచి ఉంది, 885 వాళ్ళ ఫ్లీట్‌వ్యాక్స్ పేస్ట్. పేస్ట్ వ్యాక్స్ ఏదైనా లిక్విడ్ కంటే చేతిపని ఎక్కువ అడుగుద్ది, ఆ ఓపిక లేనివాళ్ళకి అదే కంపెనీ 925 లిక్విడ్ ఉంది. 885 వేసే పద్ధతి ఏంటంటే తడిపి బాగా పిండిన చిన్న ఫోమ్ అప్లికేటర్‌తో పేస్టు మీద ఒక్కసారి తిప్పి, అసలు పూశామా లేదా అన్నంత పల్చగా పూయాలి. పూర్తిగా ఎండనివ్వకూడదు, కాస్త మసక పట్టగానే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి, మందంగా పూసి అరగంట వదిలేస్తే ఏ పేస్టైనా తీయడానికి భుజాలు పడిపోతాయి. మర్నాడు ఇంకో పొర, మొదటి దాంట్లో వదిలేసిన చోట్లు కవర్ అవుతాయి. ఇలా పల్చగా వాడితే ఒక్క డబ్బా ఏళ్ళ తరబడి వస్తది, అందుకే డబ్బుల పరంగా దీన్ని మించింది నాకు దొరకలేదు.

ఎన్నాళ్ళు నిలుస్తది అంటే, మా వాడకంలో పక్కలకి నాలుగైదు నెలలు గట్టిగా ఉంటది, నీళ్ళు పోస్తే గుండ్రటి బొట్లుగా జారిపోతాయి. పైన పడుకున్నట్టుండే భాగాలకి, అంటే ముక్కు పైభాగం, ఇంజన్ కవర్ పక్కన, అంతకంటే ముందే పోద్ది, ఎండ నేరుగా పడేది అక్కడే కదా. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, మార్చికి ముందు ఒకటి, శీతాకాలానికి పెట్టేసే ముందు ఒకటి. ఈ క్రమం తప్పనప్పటి నుంచి మళ్ళీ ఉన్ని ప్యాడ్ బయటికి తీయాల్సిన పని పడలేదు, అక్కడక్కడా పాలిష్‌తో సరిపోతోంది. ఇంకో మాట, కవర్ వేయని బోటుకి ఏ వ్యాక్స్ పెట్టినా దండగే. వ్యాక్స్ ఎండని కొంచెం ఆపుద్ది, గుడ్డ కవర్ దాదాపు పూర్తిగా ఆపుద్ది. డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు మంచి కవర్ కొనండి.

కడగడం దగ్గర చాలామంది మెరుపు పోగొట్టుకుంటారు. గిన్నెలు తోమే లిక్విడ్ వాడితే జిడ్డుతో పాటు వ్యాక్స్ కూడా పలచబడిపోద్ది, బోట్ సోపో కార్ షాంపూనో వాడండి. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు కమ్మేస్తది, దాన్ని పొడిగుడ్డతో తుడవకండి, కింద దుమ్ము కూడా ఉంటది కాబట్టి గీతలు పడతాయి, ముందు పైపుతో ధారగా నీళ్ళు కొట్టి తర్వాతే గుడ్డ. జార్జియా ఎర్రమట్టి ఇంకో తలనొప్పి, ఒడ్డుకి చేర్చినప్పుడల్లా నీటిగీత దగ్గర ఎర్రగా గోధుమరంగుగా చార పడిపోద్ది. అదే రోజు తుడిస్తే వ్యాక్స్ మీద నుంచి వచ్చేస్తది, వారాలు వదిలేస్తే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న హల్ క్లీనర్ (బోటు అడుగు, పక్కలు కడిగే మందు) తప్పదు. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని పూసి, కాసేపాగి బాగా కడిగేయాలి, ట్రెయిలర్ ఇనుము మీద పడనివ్వకూడదు, ఆ చార పోయిన చోట వ్యాక్స్ కూడా పోద్ది కాబట్టి ఆ పట్టీ వరకు మళ్ళీ పూయాలి. తెల్లటి మెలమైన్ స్పాంజ్ మరకలు బాగా తీస్తదని అంతా మెచ్చుకుంటారు, అది చాలా సన్నటి సాండ్ పేపర్ లాంటిదే, మెరిసే భాగాల మీద దానితో రుద్దొద్దు.

కాలు పెట్టి నడిచే గరుకు నేల మీద మాత్రం వ్యాక్స్ అస్సలు వద్దు. తడికాళ్ళతో పిల్లలు పరిగెత్తే చోటు అది, మెరుపు కోసం అక్కడ పూస్తే ఎవరిదో ఒకరి తల పగులుద్ది.

సెరామిక్ కోటింగ్ (వ్యాక్స్ బదులు పూసే, ఆరి గట్టిపడే పొర) సంగతి అందరూ అడుగుతారు. మా యార్డ్‌లోనే ఒకాయన తన బోటుకి వేయించుకున్నాడు, రెండో ఏడాది కూడా నీళ్ళు బానే జారుతున్నాయి, కడగడం సులువు, అది ఒప్పుకుంటా. కానీ దానికి కూడా కింద కాంపౌండ్, పాలిష్ ఇంతే చేయాలి, ఖర్చులో ఎక్కువ భాగం ఆ పనికే పోద్ది, కోటింగ్ పూశాక కింద మిగిలిన గీతలు తీయాలంటే కోటింగ్ కూడా తీయాలి. ఎప్పుడూ నీళ్ళలోనో ఎండలోనో ఉండే పెద్ద బోటుకైతే ఆలోచించొచ్చు. ట్రెయిలర్ మీద కవర్ కింద ఉండే నాలాంటి వాళ్ళకి 885 చాలు. తెల్ల బోటు, కొత్తది, వేలికి పొడి అంటట్లేదు అంటే మీకు 67 అక్కర్లేదు, శుభ్రంగా కడిగి నేరుగా వ్యాక్స్‌కి వెళ్ళిపోండి. వాడాక డబ్బా మూత గట్టిగా బిగించి ఇంట్లోనే పెట్టుకోండి, ఎండకి కాలే షెడ్డులో వదిలేస్తే సాల్వెంట్ ఎగిరిపోయి పేస్ట్ బీటలు తీస్తది.