విశాఖలో ఉండి స్టేకింగ్: సొంత వ్యాలిడేటరా, డెలిగేషనా, లిక్విడ్ టోకెనా – ఏది మేలు?

స్టేకింగ్ అంటే క్రిప్టో కాయిన్లను నెట్‌వర్క్‌లో డిపాజిట్‌గా పెట్టి, లావాదేవీలు సరిచూసే పనికి రాబడి పొందడం. ఆ పని చేసేదాన్ని వ్యాలిడేటర్ అంటారు. మధురవాడలోనో ఎంవీపీ కాలనీలోనో ఇంట్లో ఓ మూల చిన్న కంప్యూటర్ పెట్టి ఈథీరియం వ్యాలిడేటర్ నడపాలనుకునేవాళ్లకు ముందు కరెంటు భయం, ఆ వెంటనే తుఫాను భయం పట్టుకుంటాయి. ఆ భయం సగమే సబబు. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది.

ముందు లెక్క చూద్దాం. వ్యాలిడేటర్‌కు 32 ఈథర్ (ఈథీరియం కాయిన్) డిపాజిట్ కావాలి. ఏడాదికి 3 శాతం రాబడి అనుకుంటే 0.96 ఈథర్, అంటే రోజుకు సుమారు 0.0026. మెషీన్ ఆగిపోతే ఆ రోజు రాబడి పోతుంది, పైన దానికంటే కాస్త తక్కువ జరిమానా పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటి దెబ్బకు ఐదు రోజులు ఆగినా నష్టం 0.025 ఈథర్ దగ్గరే తేలుతుంది. మొత్తం నెట్‌వర్క్‌లో మూడో వంతుకు పైగా ఒకేసారి ఆగిపోతే మాత్రం జరిమానా రోజురోజుకూ పెరుగుతుంది. ఒక ఊరి తుఫానుకు అంతదాకా రాదు.

కొంప ముంచేది జాగ్రత్త పేరుతో చేసే పని. కరెంటు పోతుందని అదే కీని (వ్యాలిడేటర్ సంతకం చేసే రహస్య కోడ్) హైదరాబాద్‌లో ఉన్న ఇంకో సర్వర్‌లో కూడా పెడతారు. ఇక్కడ కరెంటు రాగానే రెండు మెషీన్లూ ఒకే వ్యాలిడేటర్ పేరుతో సంతకాలు చేస్తాయి. నెట్‌వర్క్ దృష్టిలో అది మోసం, దానికి స్లాషింగ్, అంటే డిపాజిట్‌లో కోత పడుతుంది. 2025 మేలో ఈథీరియంలో వచ్చిన పెక్ట్రా అనే మార్పు తర్వాత తొలి కోత డిపాజిట్‌లో 4,096వ వంతుకు తగ్గింది గానీ, వ్యాలిడేటర్‌ను బలవంతంగా బయటికి పంపేస్తారు. సొమ్ము సుమారు 36 రోజులు చిక్కుబడి ఉంటుంది, ఆ రోజులన్నిటికీ జరిమానా పడుతూనే ఉంటుంది. అదే సమయంలో ఇంకా చాలామందికి స్లాషింగ్ పడితే మీ కోత కూడా పెరుగుతుంది.

మెషీన్ మార్చక తప్పకపోతే వరుస ఇది: పాతదాన్ని ఆపండి, స్లాషింగ్ రక్షణ ఫైలు (ఇంతవరకు చేసిన సంతకాల లెక్క) బయటికి తీయండి, పాత మెషీన్ నుంచి కీలు చెరిపేయండి. రెండు మూడు ఎపోక్‌లు (నెట్‌వర్క్ లెక్కవేసుకునే కాల విడతలు), అంటే సుమారు ఇరవై నిమిషాలు ఆగండి. ఆ తర్వాతే కొత్తదాంట్లో ఫైలు, కీలు ఎక్కించి, డోపెల్‌గ్యాంగర్ రక్షణ (అదే కీ ఇంకోచోట నడుస్తోందేమో ముందు చూసే ఏర్పాటు) పెట్టి నడపండి. అంతవరకు ఆగిపోయి ఉన్నా ఫర్వాలేదు.

సామాను విషయానికొస్తే 32 జీబీ ర్యామ్, 4 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, రౌటర్‌కు కూడా సరిపోయే యూపీఎస్ కావాలి. ఫైబర్ ప్లాన్‌లో నెలవారీ డేటా పరిమితి ఎంతో చూసుకోండి. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో ఉప్పుగాలికి ఫ్యాన్లు, కనెక్టర్లు తుప్పు పడతాయి. కిటికీకి దూరంగా పెట్టి తరచు శుభ్రం చేయాలి.

32 ఈథర్ లేనివాళ్లకు డెలిగేషన్, అంటే కాయిన్లు మీ పేరునే ఉంచి ఇంకొకరి వ్యాలిడేటర్‌కు జత చేయడం ఉంది. ఈథీరియం ప్రోటోకాల్‌లో అది లేదు. కాస్మోస్, కార్డానో అనే నెట్‌వర్క్‌ల్లో ఉంది. ఇది పొలం కౌలుకిచ్చినట్టు: భూమి మీ పేరునే ఉంటుంది, సాగు ఇంకొకరిది. వ్యాలిడేటర్ మీ కాయిన్లు పట్టుకుపోలేడు. అయితే కాస్మోస్ హబ్‌లో అతను రెండు సంతకాలు చేస్తే మీ కాయిన్లలోనూ 5 శాతం కోత పడుతుంది. వంద ఆటమ్ (కాస్మోస్ హబ్ కాయిన్) పెడితే ఐదు పోయినట్టే. సర్వర్ ఆగితే కోత 0.01 శాతమే గానీ అతణ్ని 'జైల్లో' పెడతారు, అంటే నెట్‌వర్క్ పని నుంచి పక్కన పెడతారు; అతను వచ్చి విడిపించుకునేదాకా మీకూ రాబడి ఉండదు. చాలామంది వారాల తరబడి ఇది గమనించరు. నెలకోసారైనా వాలెట్ తెరిచి చూడండి.

కమిషన్ రాబడి మీదే, అసలు మీద కాదు. ఏటా 15 ఆటమ్ వచ్చేచోట 5 శాతం కమిషన్ అంటే 0.75 ఆటమ్. కమిషన్ తక్కువని చూసి పరుగెత్తకండి. గరిష్ఠ కమిషన్ ఎంత, రోజుకు ఎంత పెంచొచ్చు అన్నది కూడా వ్యాలిడేటర్ పేజీలోనే ఉంటుంది. కాయిన్లు వెనక్కి తీసుకోవాలంటే 21 రోజులు ఆగాలి. ఆ రోజుల్లో రాబడి ఉండదు, పాత తప్పు బయటపడితే కోత తప్పదు. నేరుగా వేరే వ్యాలిడేటర్‌కు వెంటనే మార్చుకోవచ్చు గానీ, అలా మార్చినవాటిని 21 రోజులదాకా మూడోచోటికి మార్చనివ్వరు. ఫీజుకు కొంచెం ఆటమ్ మిగుల్చుకోండి. మొత్తం పెట్టేసి, వెనక్కి తీసే ఫీజుకు లేక ఇబ్బందిపడేవాళ్లు ఉంటారు.

కార్డానోలో కాయిన్లు బిగుసుకోవు, స్లాషింగ్ లేదు. 2 ఏడీఏ (కార్డానో కాయిన్) డిపాజిట్ కడితే చాలు, అదీ తర్వాత తిరిగొస్తుంది. మొదటి రాబడికి 15 నుంచి 20 రోజులు పడుతుంది. మరీ చిన్న పూల్ (డెలిగేషన్ తీసుకునే అక్కడి నిర్వాహకుడు) వద్దు: ఐదు రోజుల ఎపోక్‌కు కనీసం 170 ఏడీఏ స్థిర రుసుము ముందే తీసేస్తారు, మిగిలినదాంట్లోంచే సభ్యులకు ఇస్తారు. మరీ నిండిపోయిన పూల్‌లోనూ రాబడి తగ్గుతుంది. కొత్తవాళ్లు చిన్న మొత్తంతో నేర్చుకోవడానికి ఇదే మంచి చోటు.

లిక్విడ్ టోకెన్ సంగతి వేరు. లైడో అనే సేవలో ఈథర్ వేస్తే వాళ్లు స్టేక్ చేసి, దానికి గుర్తుగా ఎస్‌టీఈథర్ అనే టోకెన్ ఇస్తారు, రాబడిలో 10 శాతం రుసుము. ఎప్పుడైనా అమ్ముకోవచ్చు, కానీ ఏ ధరకన్నది ఆ రోజు బజారు చెబుతుంది. 2022 జూన్‌లో అది ఈథర్ కంటే సుమారు 5 శాతం తక్కువకు పోయింది. స్మార్ట్ కాంట్రాక్ట్‌లో (ఆ సేవను నడిపే కోడ్‌లో) లోపం ఉంటే అదీ మీ నెత్తినే. ఎక్స్‌ఛేంజీ స్టేకింగ్‌లో అన్నిటికంటే శ్రమ తక్కువ, కానీ కీ వాళ్ల దగ్గరే ఉంటుంది, విత్‌డ్రాలు ఆపితే చేసేదేమీ లేదు. చివరి ఎంపికగానే ఉంచండి.

అందుకే చిన్న మొత్తానికి సొంత వాలెట్ నుంచి డెలిగేషన్, 32 ఈథర్ ఉండి లినక్స్ చేతిలో ఉన్నవాళ్లకు సొంత వ్యాలిడేటర్ మేలంటాం. లిక్విడ్ టోకెన్‌కు వెళ్లేముందు పన్ను చూసుకోండి: ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా మన చట్టంలో అది బదిలీయే. లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్, 1 శాతం టీడీఎస్ నిబంధన ఉన్నాయి; ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. ప్రతి రాబడి వచ్చిన తేదీ, ఆనాటి రూపాయి విలువ ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటే ఆడిటర్ దగ్గర పని తేలికవుతుంది.